చక్కెర కలపని కావా: జువే ఇ కాంప్స్ రిసర్వా దె లా ఫమిలియా

స్పెయిన్ వాళ్ల స్పార్క్‌లింగ్ వైన్ కావా గురించి నా స్నేహితుల్లో ఎవరినడిగినా "ఒకసారి తాగాం, పుల్లగా ఉంది" అనే అంటారు. ఎప్పుడు తాగారంటే పుట్టినరోజు పార్టీలో, కేక్ కోశాక. క్రీమ్ కేక్ తిన్న నోటికి చక్కెర లేని వైన్ ఏదైనా పుల్లగానే తగులుతుంది, అందులో వైన్ తప్పేమీ లేదు. కొన్నేళ్లుగా బార్సిలోనాలో ఉంటూ, ఇక్కడివాళ్లు దీన్ని ఎప్పుడు, దేంతో, ఎలా తాగుతారో చూస్తూ వచ్చాక నాకు దీనిమీద బాగా ఇష్టం పెరిగింది. డ్రై కావా, అంటే తీపి లేని కావా, ఏంటో సరిగ్గా తెలుసుకోవాలనుకునేవాళ్లు జువే ఇ కాంప్స్ వాళ్ల రిసర్వా దె లా ఫమిలియా బ్రూట్ నేచర్‌తో మొదలుపెట్టండి, ఇంతకన్నా మంచి మొదలు నాకు తెలీదు.

ఈ కంపెనీ 1921 నుంచి ఉన్న కుటుంబ వ్యాపారం, ఊరు సంత్ సదుర్నీ ద నోయా. బార్సిలోనా ప్లాసా కాటలూన్యాలో ఆర్4 లోకల్ రైలెక్కితే గంటలోపే దిగొచ్చు. కావాకి పుట్టిల్లు ఈ ఊరే. 1872లో కొదోర్నీవు అనే వైన్ కంపెనీలో జోసెప్ రవెంతోస్ ఫ్రాన్స్ షాంపేన్ పద్ధతిలో మొదటి సీసాలు చేసింది ఇక్కడే, అయితే వాడింది మాత్రం స్థానిక ద్రాక్ష. ఈ రోజుకీ ఆ మూడు రకాలే ప్రధానం: మకబేవో, షరెల్లో, పరెయాదా. వీటిలో నాకు షరెల్లో అంటే ప్రాణం. వైన్‌కి నిండుదనమూ పులుపూ ఇచ్చేది అదే, ఏళ్ల తరబడి నిలవున్నా సీసాని నిలబెట్టేదీ అదే.

పద్ధతి కొంచెం తెలిస్తే రుచి బాగా అర్థమవుతుంది. ముందు మామూలు వైట్ వైన్ చేస్తారు. దాన్ని సీసాలో పోసి, కాస్త చక్కెర, ఈస్ట్ కలిపి మూతేసి నేలమాళిగలో పడుకోబెడతారు. ఆ ఈస్ట్ సీసాలోనే చక్కెరని తినేసి గ్యాస్ వదులుతుంది, బయటికి దారి లేక ఆ గ్యాస్ వైన్‌లోనే కరిగిపోతుంది. పని అయిపోయిన ఈస్ట్ చచ్చి మడ్డిగా అడుగున చేరుతుంది. అసలు విషయం ఈ మడ్డిలోనే ఉంది, ఎన్ని నెలలు వైన్ దానిమీద కూర్చుంటే అంత కాల్చిన బ్రెడ్ వాసన, అంత మెత్తదనం వస్తాయి. కావా అని పేరు పెట్టాలంటే కనీసం 9 నెలలు ఉంచాలి, రిసర్వా అంటే 18, గ్రాన్ రిసర్వా అంటే 30. తర్వాత సీసాని కొంచెం కొంచెంగా తిప్పుతూ తలకిందులు చేసి, మెడలో చేరిన మడ్డిని గడ్డకట్టించి, మూత తీయగానే గ్యాస్ ఒత్తిడికి అది ఎగిరి బయటపడేలా చేస్తారు. అప్పుడు తగ్గిన కాస్త వైన్‌ని మళ్లీ నింపేటప్పుడు చాలామంది చక్కెర కూడా కలుపుతారు. బ్రూట్ నేచర్‌లో కలపరు. ద్రాక్షదే ఏదైనా మిగిలితే అది లీటరుకి 3 గ్రాములు దాటకూడదు.

సీసా పేరులో రిసర్వా అని ఉంది కదా అని పొరబడకండి, ఇది గ్రాన్ రిసర్వా వర్గంలోదే, లేబుల్ మీద ఆ మాట విడిగా ఉంటుంది.

కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఎక్స్‌ట్రా బ్రూట్‌లో లీటరుకి 6 గ్రాముల వరకు, బ్రూట్‌లో 12 వరకు చక్కెర ఉండొచ్చు. ఎక్స్‌ట్రా సెకో అనే సీసా చూసి బాగా డ్రై అనుకుని తీసుకునేవాళ్లు ఎక్కువ, అందులో 12 నుంచి 17 గ్రాములు ఉంటుంది, ఉత్త సెకో అయితే 32 దాకా పోతుంది. డ్రై కావాలంటే బ్రూట్ అనే మాట కనిపించాలి, నేచర్ ఉంటే ఇంకా మంచిది. చక్కెర కలిపితే పలచటి వైన్ కూడా నిండుగా అనిపిస్తుంది, కలపకపోతే ద్రాక్షలో ఉన్నదీ లేనిదీ నోటికి తెలిసిపోతుంది. అందుకే చవక బ్రూట్ నేచర్ కొనమని ఎవరికీ చెప్పను. తొమ్మిది నెలల సీసాకి చక్కెర కూడా లేకపోతే ఉత్త నిమ్మరసంలా గొంతుకి తగులుతుంది, ఈ రకానికి మూడేళ్ల మడ్డి చాలా అవసరం.

ఇక తాగే సంగతి. ఫ్రిజ్‌లో మూడు గంటలు చాలు, లేదా ఐసూ నీళ్లూ సగం సగం పోసిన బకెట్‌లో అరగంట. ఫ్రీజర్ వద్దు, మరీ చల్లబడితే వాసన మొత్తం మూసుకుపోతుంది. 8 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటే దీనికి సరిగ్గా సరిపోతుంది. తీగ ఊడదీసి, కార్క్‌ని గట్టిగా పట్టుకుని, సీసాని కాస్త వంచి సీసానే తిప్పండి, కార్క్‌ని కాదు. నిట్టూర్పులాంటి చిన్న చప్పుడుతో వచ్చేస్తుంది, చుక్క వొలకదు. కార్క్ అడుగు తిప్పి చూస్తే నాలుగు మొనల నక్షత్రం గుర్తు కనిపిస్తుంది, కావాకి అది ఆనవాలు. సన్నటి పొడుగు గ్లాసులు పక్కన పెట్టి, మామూలు వైట్ వైన్ గ్లాసులో మూడో వంతే పోయండి, ముక్కు పెట్టడానికి చోటుండాలి.

రంగు లేత గడ్డి పసుపు, బుడగలు చాలా సన్నగా వరసలుగా లేస్తాయి. ముందు వచ్చేది ఆకుపచ్చ యాపిల్, నిమ్మ తొక్క. ఒక నిమిషం ఆగితే కాల్చిన బ్రెడ్, బాదం, వాటి వెనక సన్నగా సోంపు, ఆ సోంపు షరెల్లో పుణ్యమే. మొదటి గుక్క కొంచెం కరుకుగా ఉంటుంది, అక్కడే ఆపేయకండి. ఉప్పగా ఉండేదేదైనా ఒక ముక్క నోట్లో వేసుకుని రెండో గుక్క తాగండి. ఆ పులుపు నాలుక మీది నూనెనీ ఉప్పునీ కడిగేసి, ఇందాక కనపడని పండు రుచిని పైకి తెస్తుంది, చివర్లో బాదంపప్పు తొక్కలాంటి చిన్న చేదు మిగులుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టం ఆ చేదే.

ఇక్కడివాళ్లు దీన్ని భోజనం మొదట్లోనే మొదలుపెట్టి చివరిదాకా తాగుతారు. టమాటా రుద్దిన బ్రెడ్, ఆంచోవీలనే ఉప్పు చిన్నచేపలు, హామోన్ అనే ఆరబెట్టిన పంది మాంసం, ఉప్పు చేప బూరెలు, చలికాలం చివర్లో నిప్పుల మీద కాల్చిన కల్‌సోత్ ఉల్లికాడలు, వీటన్నిటితో అద్భుతంగా వెళ్తుంది. మన వంటల్లో మా ఇంట్లో బాగా కుదిరినవి వేడి పునుగులు, ఉప్పేసి వేయించిన జీడిపప్పు, కారం తక్కువేసిన చేప వేపుడు. ఆవకాయ, గుంటూరు కారం ఉన్నవేవీ వద్దు, బుడగలు ఆ మంటని రెట్టింపు చేస్తాయి, ఇక వైన్ రుచి ఏమీ తెలీదు. కేక్ సంగతి ముందే చెప్పాను.

బయట తాగితే ఒక్క మాట. ఇక్కడొక రెస్టారెంట్‌లో గ్లాసు చొప్పున అడిగితే, ముందురోజు తెరిచిన సీసాలోంచి బుడగల్లేని వైన్ పోసి పూర్తి డబ్బు తీసుకున్నారు. కావాని గ్లాసుల్లో అడిగేటప్పుడు సీసా మీ ముందే తెరవమనండి, మొహమాటపడొద్దు. ఇంట్లో మిగిలితే స్పార్క్‌లింగ్ వైన్‌కి వేరుగా దొరికే బిగింపు మూత కొనుక్కోండి, ఫ్రిజ్‌లో మర్నాటికీ బాగుంటుంది. సీసా మెడలో చెంచా వేలాడదీస్తే గ్యాస్ పోదనేది ఉత్తమాట.

ధర స్పెయిన్‌లో 15 నుంచి 20 యూరోల మధ్య. సూపర్‌మార్కెట్ కావాలు నాలుగు యూరోలకే ఉండగా ఇంతెందుకు అంటారేమో. ఆ నాలుగు యూరోల్లో గాజు సీసా, కార్క్, రవాణా, దుకాణం లాభం పోగా ద్రాక్ష పండించిన రైతుకి ఏం మిగులుతుందో మీరే లెక్క వేయండి. రెకరేదో, గ్రమోనా లాంటి పేరున్న కంపెనీలు 2019లో కావా పేరే వదిలేసి కోర్పినాట్ అనే సొంత గుర్తు కిందికి వెళ్లిపోవడానికి ఈ చవక పేరు కూడా ఒక కారణం. వాళ్ల సీసాలు గొప్పగా ఉంటాయి, ఇది నచ్చాక వాటికి వెళ్లండి. పైగా 2021 తర్వాత వరసగా పడిన కరువుకి ఈ ఊరున్న పెనెడెస్ ప్రాంతపు ద్రాక్ష తోటలు బాగా దెబ్బతిన్నాయి, పంట పడిపోయింది. మూడేళ్లు నేలమాళిగలో డబ్బు ఇరికించుకుని, చక్కెర కలపకుండా ఇంత శుభ్రమైన వైన్ ఇచ్చేవాళ్లు ఆ ధర అడగడం నాకైతే న్యాయంగానే అనిపిస్తుంది.

రెండు సీసాలు తీసుకోండి, వెనక లేబుల్ మీద మడ్డి తీసిన తేదీ వేసి ఉంటే దగ్గరి తేదీ ఉన్నవే ఎంచుకోండి. ఏడాది లోపు తాగేయండి, దాచుకోవడానికి కొనే సీసా కాదిది, వాళ్లు దాచాల్సినంత దాచే మనకిస్తున్నారు.