ఆరోగ్య శాస్త్రంతో గణితం, కంప్యూటర్ చదువు: జంట డిగ్రీ మేలా, ఒకదాని తర్వాత ఒకటి మేలా?

ఇంటర్‌లోనే బైపీసీ, ఎంపీసీ అని విడిపోయే మన విద్యార్థులకు ఆరోగ్య శాస్త్రాన్నీ గణితాన్నీ కలిపి చదవాలన్న ఆలోచన సాధారణంగా ఆలస్యంగా వస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఇంటర్‌లో 2025-26 నుంచి గణితం, జీవశాస్త్రం రెండూ ఉండే ఎంబైపీసీ కూడా అందుబాటులోకి వచ్చింది కాబట్టి, ఆ తర్వాతి దారులను ఇప్పుడే పోల్చి చూసుకోవడం మంచిది.

ఈ రెండు చదువులూ ఒకే మనిషికి ఎందుకు కావాలో ఒక లెక్కతో తెలుస్తుంది. వెయ్యి మందిలో ఒక్కరికే ఉండే జబ్బుకు, ఉన్నవారిలోనూ లేనివారిలోనూ 99 శాతం మందికి సరైన ఫలితమిచ్చే పరీక్ష ఉందనుకుందాం. వెయ్యి మందికీ ఆ పరీక్ష చేస్తే జబ్బున్న ఒక్కరితో పాటు, జబ్బు లేని దాదాపు పది మందికి కూడా పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన పదకొండు మందిలో నిజమైన రోగి ఒక్కరే. ఈ లెక్క తెలియని వైద్య సిబ్బంది పది మందిని అకారణంగా భయపెడతారు. లెక్క మాత్రమే తెలిసినవారికి, అదే పరీక్షను లక్షణాలున్నవారికే పరిమితం చేస్తే ఫలితం విలువ ఎంతో పెరుగుతుందని, ఆ లక్షణాలేమిటో నిర్ణయించడానికి వైద్య పరిజ్ఞానం కావాలని తట్టకపోవచ్చు.

మొదటి దారి, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా కనిపించే జంట డిగ్రీ. విడివిడిగా మూడేసి ఏళ్లు పట్టే రెండు డిగ్రీలు అక్కడ సాధారణంగా నాలుగేళ్లలో పూర్తవుతాయి. ఒక డిగ్రీలోని ఐచ్ఛిక సబ్జెక్టుల స్థానాన్ని రెండో డిగ్రీలోని ముఖ్య సబ్జెక్టులు ఆక్రమించడం వల్లే ఇది సాధ్యమవుతుంది. అందువల్ల నచ్చిన అంశంలో లోతుగా వెళ్లే వెసులుబాటు తగ్గుతుంది. పైగా రెండు విభాగాలూ ఎవరి పాఠం వారు చెప్పుకుపోతే, వాటిని కలిపే పని విద్యార్థి మీదే పడుతుంది. రెండింటినీ కలిపే ప్రాజెక్టు చివరి ఏడాదిలో ఉంటే తప్ప, అప్పు చేసి ఈ చదువుకు వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

రెండో దారి మన దేశంలోనే ఉంది. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022లో అనుమతించింది: రెండూ కళాశాలలోనే అయితే తరగతుల వేళలు ఒకదానికొకటి అడ్డు రాకూడదు, లేదా ఒకటి ఆన్‌లైన్‌లో చదవవచ్చు. అయితే ఆరోగ్య రంగ కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపవద్దని 2025లో అదే సంస్థ ఆదేశించింది. కాబట్టి ఆరోగ్య శాస్త్రాన్ని కళాశాలకు వెళ్లి, గణితాన్నీ కంప్యూటింగ్‌నూ ఆన్‌లైన్‌లో చదవడమే ఆచరణలో మిగిలే పద్ధతి. మనుషుల ఆరోగ్యంతో ముడిపడిన చదువుకు అదే సబబు కూడా. ఉదాహరణకు, 2020లో మొదలైన ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సులో జేఈఈ లేకుండా అర్హత పరీక్షతో చేరవచ్చు, బైపీసీవారూ అర్హులే. మొదటి దశలో గణితం, గణాంక శాస్త్రం, పైథాన్ ఉంటాయి. మధ్యలో ఆపినా అప్పటికి పూర్తిచేసిన దశను బట్టి సర్టిఫికెట్ లేదా డిప్లొమా చేతికొస్తుంది. ఒకటి ఆగినా రెండోది చెడకపోవడం ఈ దారికున్న పెద్ద బలం. ఫిజియోథెరపీ వంటి, ఆసుపత్రి డ్యూటీలుండే కోర్సులతో మాత్రం దీన్ని నెగ్గుకురావడం కష్టం. పోషకాహారం, మైక్రోబయాలజీ వంటి బీఎస్సీలతో పొసగుతుంది.

రెండింటినీ మొదటి నుంచీ ఒకే డిగ్రీగా నేర్పే ప్రయత్నం కూడా ఉంది. ఐఐటీ మద్రాస్ 2023లో మెడికల్ సైన్సెస్, ఇంజినీరింగ్ కలిపి నాలుగేళ్ల బీఎస్ (బ్యాచిలర్ ఆఫ్ సైన్స్) డిగ్రీ ప్రారంభించింది. సీటు దొరికితే పై రెండు దారులకంటే ఇదే నయం, ఎందుకంటే కలిపే బాధ్యత ఇక్కడ పాఠ్యప్రణాళికదే. సీట్లు తక్కువ కనుక దీని మీదే ఆశ పెట్టుకోకూడదు.

ఇక మూడో దారి, ముందు గణితమో గణాంక శాస్త్రమో చదివి, తర్వాత వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో ఉన్నటువంటి బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య రంగానికి వర్తించే గణాంక శాస్త్రం) ఎమ్మెస్సీలో చేరడం. రోగులకు స్వయంగా చికిత్స చేయాలన్న కోరిక లేనివారికి దీన్నే సూచిస్తాను. గణితానికి ఏళ్ల తరబడి సాధన కావాలి, ఇరవై ఐదేళ్లు దాటాక ఉద్యోగం చేస్తూ దాన్ని మొదటి నుంచి నేర్చుకోవడం చాలామందికి సాధ్యం కాదు. ఆరోగ్య రంగపు ప్రశ్నలనైతే ఆ రంగంలో పనిచేస్తూ నేర్చుకోవచ్చు. చికిత్స చేయాలనుకునేవారు మాత్రం ఆరోగ్య డిగ్రీనే ప్రధానంగా పెట్టుకుని, ఆన్‌లైన్ కోర్సులో మొదటి దశ వరకు చదివి, అక్కడ గణితం ఎంతవరకు వంటబట్టిందో చూసుకున్నాకే తర్వాతి దశకు ఫీజు కట్టాలి.