అందరిలో అడగాలా, పక్కకు పిలిచి అడగాలా: ఏది మేలు?

షిఫ్టుకు ముందు టూల్‌బాక్స్ టాక్, అంటే పని జాగ్రత్తల మీద చిన్న మీటింగ్. "ఎవరికైనా డౌట్లున్నాయా?" అంటాడు సూపర్‌వైజర్. ఒక్కడూ నోరు మెదపడు. కాసేపటికి టీ దగ్గర ఒకడు మెల్లగా అంటాడు, "అన్నా, మూడో పంపు బేరింగు చప్పుడు తేడాగా ఉంది, ఓసారి చూడరాదూ." ఒడిశాలోని రాయగడ వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు.

తప్పు చెప్పుకున్నా, తెలియదన్నా టీమ్‌లో పరువు పోదనే నమ్మకాన్నే మానసిక భద్రత అంటారు. పని బృందాల్లో దీన్ని పరిశీలించి 1999లో పేపర్ రాసిన హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్‌కు అంతకుముందు ఆసుపత్రుల్లో ఓ వింత ఎదురైంది: మంచి టీముల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువ కనిపించాయి. అక్కడివాళ్లు దాచడం లేదు, అంతే.

అందరిలో అడిగితే ఒకడు చెప్పింది పదిమందికీ చేరుతుంది. కానీ సీనియర్ ముందు కుర్రాడు "అది తప్పండీ" అంటే పెద్దంతరం లేదంటారు. పై-కింది తేడాను జనం ఎంతగా ఒప్పుకుంటారో చూపేది డచ్ పరిశోధకుడు హాఫ్‌స్టెడ్ 'అధికార దూరం' కొలత; అందులో భారత్‌కు 77, డెన్మార్క్‌కు 18 ఊరికే రాలేదు. పైగా మీటింగ్ ఒడియాలోనో హిందీలోనో నడిస్తే, తెలుగు కుర్రాడికీ, కువి అనే ఆదివాసీ భాష మాట్లాడే కూలీకీ నవ్వుతారేమోనన్న బెరుకు.

పక్కకు పిలిస్తే విషయం బయటికొస్తుంది. చిక్కల్లా, తెలుగు సూపర్‌వైజర్ చెవిన తెలుగువాడే వేస్తాడు. కాంట్రాక్టు మీద వచ్చిన కువి కూలీకి అక్కడ "అన్న" ఎవరు? ఆ మాటా ఒక చెవిలోనే ఉండిపోతుంది, తర్వాతి షిఫ్టులో వచ్చే రిలీవర్ దాకా పోదు.

ఫిర్యాదుల పెట్టె సంగతి వదిలేద్దాం. చేతిరాత పట్టేస్తారు.

పెద్దలంటే గౌరవమే అడ్డమనుకుంటే, జపాన్‌లోనూ అది తక్కువేం కాదు. అయినా టయోటా లైన్‌లో తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా లైన్ ఆపించే తాడు లాగొచ్చు. అక్కడ తెగువతో పనిలేదు, లాగడమే డ్యూటీ.

కాబట్టి ప్రాణం మీదికొచ్చే విషయమైతే రెండూ వద్దు: ఎవరైనా ముందు మెషీన్ ఆపాలి, అది ఉత్తుత్తి భయమని తేలినా తిట్టకూడదు. మిగతావాటికి నా ఓటు పక్కకు పిలవడానికే, ఒక షరతు మీద. విన్నది లాగ్‌బుక్‌లో రాసి, మర్నాడు పేరెత్తకుండా సూపర్‌వైజరే అందరిలో చెప్పాలి. "డౌట్లున్నాయా" మానేసి "రాత్రి ఏ మెషీన్ సతాయించింది?" అని, అదీ కూలీతో మొదలుపెట్టి, వాడి భాషలో అడిగించాలి.