12 పౌండ్ల మల్టీమీటరు, 130 పౌండ్ల బ్యాటరీ

వోల్టేజి, కరెంటు కొలిచే ఈ మీటరు కొని మూడు నెలలైంది. రివ్యూ ఇప్పుడు రాయడానికి కారణం, మొన్నటిదాకా అది కారవాన్ (కారు వెనక కట్టి లాగే చక్రాల ఇల్లు) సీటు కింద ప్యాకెట్ కూడా విప్పకుండా పడి ఉండటమే.

మాది 2009 మోడల్ టూరింగ్ కారవాన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఇంగ్లండ్‌లో మేముండే మిల్టన్ కీన్స్‌లో ఇంటి ముందు మెయిన్స్‌కి (ఇంటి కరెంటుకి) పెడితే లైట్లన్నీ భేషుగ్గా వెలిగేవి. పోయిన నెల పీక్ డిస్ట్రిక్ట్ కొండల వైపు వెళ్లి, చవకగా వస్తుందని కరెంటు పాయింటు లేని పిచ్ (కారవాన్ నిలుపుకునే జాగా) తీసుకున్నాం. అంటే అన్నీ కారవాన్ బ్యాటరీ మీదే నడవాలి. చీకటి పడ్డాక అసలు సంగతి బయటపడింది. మా ఆవిడ గిన్నె కడుగుదామని కుళాయి తిప్పితే పంపు మూలిగింది, లైట్లన్నీ గుడ్డిదీపాలైపోయాయి. కిచెన్ మీది ఎల్ఈడీ అయితే పండగ సీరియల్ సెట్టులా మినుకుమినుకుమంది. ఆ రాత్రి ఫోన్ టార్చి మీద నీళ్ల సీసా పెట్టుకుని, ఆ వెలుగులోనే పులిహోర తిన్నాం.

పొద్దున్నే దగ్గర్లో ఒక షాపుకి వెళ్తే, కారవాన్ వైపు తొంగి కూడా చూడకుండా, ‘బ్యాటరీ పోయింది, కొత్తది వేసుకోండి, 130 పౌండ్లు’ అన్నారు. కార్డు తీయబోయి ఆగాను. మీటరు ఒకటి కొన్నాం కదా, ముందు దాని సంగతి చూద్దామని.

డయల్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర పిన్ను ప్లస్‌కి, నల్లది మైనస్‌కి ఆనిస్తే 12.6 చూపించింది. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ కాసేపు ఖాళీగా ఉన్నాక 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం అయిపోయినట్టు. అంటే మాది బాగానే ఉంది. మరి లైట్లకేం రోగం? తెనాలిలో ఉన్న నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయన ముప్పై ఏళ్లు పంపుసెట్ల మోటార్లు రిపేరు చేసిన మనిషి. మీటరు చూపిస్తే ఒక్కటే మాట అన్నారు.

‘ఖాళీగా కూర్చోబెట్టి చూస్తే ఎవడైనా బాగానే ఉంటాడు. లోడ్ పెట్టి చూడరా.’

ఆయన పనికి వెళ్తే సంచిలో టెస్టరు ఉన్నా లేకపోయినా హోల్డరు, బల్బు, రెండు వైర్లతో కట్టిన టెస్ట్ ల్యాంపు మాత్రం ఉండేది. జాయింటు వదులైన చోట టెస్టరు వెలుగుతుంది గానీ, ఎక్కువ కరెంటు లాగే ల్యాంపు వెలగదు.

సరే, పంపూ లైట్లూ అన్నీ ఆన్ చేయించి మళ్లీ చూశాను. బ్యాటరీ దగ్గర 12.4. సీలింగ్ లైటు దగ్గర 10.1. మధ్యలో 2.3 వోల్టులు ఎక్కడో కారిపోతున్నాయి. ఒక పిన్ను బ్యాటరీ ప్లస్ మీద ఉంచి, రెండోది ప్లస్ వైరులో ఉన్న ఫ్యూజు అవతలి పక్క పెట్టాను. మధ్యలో వోల్టులేమీ పోకపోతే అక్కడ దాదాపు సున్నా రావాలి. 2.1 వచ్చింది.

బ్యాటరీ మైనస్ విప్పి ఫ్యూజు హోల్డరు తెరిచాను. 20 ఆంప్స్ ఫ్యూజు చెక్కుచెదరలేదు. అంతకుముందు రోజు నేను తీసి, తీగ తెగలేదని చూసి, మళ్లీ పెట్టింది కూడా అదే. చెడింది ఫ్యూజు కాదు, అది కూర్చునే రేకు. ఒక పక్క పచ్చటి చిలుము పట్టి, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగులోకి తిరిగి కాస్త కరిగింది. కరగదా మరి? 2 వోల్టులు, 6 ఆంప్స్ అంటే 12 వాట్ల వేడి, అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బాలో. ఇంటి దగ్గర ఈ తేడా తెలియకపోవడానికి కారణం, మెయిన్స్‌లో ఉన్నప్పుడు లైట్లకి చార్జరే నేరుగా ఇస్తుంది, కరెంటు ఈ ఫ్యూజు దారిన రాదు.

కొత్త హోల్డరు 4 పౌండ్లు. వేశాక అదే చోట 0.05. పంపు వేసినా లైట్లు కదల్లేదు.

ఇక మీటరులో నచ్చనివి. ఆటో ఆఫ్ లేదు. ఆపడం మర్చిపోయానేమో, రెండో రోజుకి లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసించి, చార్జింగే లేని కారవాన్ బ్యాటరీని 14.3 అని చూపించింది. దాని బ్యాటరీ తగ్గితే రీడింగ్ ఎక్కువ చూపిస్తుందని తెలియక అరగంట టెన్షన్ పడ్డాను. పిన్నులు లావు, చిన్న హాలోజన్ బల్బుల హోల్డరులోకి దూరవు. స్క్రీన్‌కి లైటు లేదు, లైట్లు పోయినప్పుడే వాడే వస్తువుకి! అన్నిటికన్నా ముఖ్యం, 10 ఆంప్స్ దాకా కరెంటు కొలిచే రంధ్రానికి ఫ్యూజు లేదు. ఎర్ర వైరు అందులో మర్చిపోయి వోల్టేజి చూస్తే బ్యాటరీ షార్టయినట్టే.

తిరుగు ప్రయాణంలో కారు ఇంజిన్ స్టార్ట్ చేయగానే కారవాన్ లోపలి లైట్లన్నీ ఆరిపోయాయి. మళ్లీ మీటరు పట్టుకుని దిగాను. అది ఫాల్టు కాదట, కారు నడుస్తున్నప్పుడు లోపలి కరెంటు ఆపేసే రిలే (దానంతటదే పనిచేసే స్విచ్చి) ఒకటి ఉంటుంది. అది మీటరు తప్పు కాదు, నాదే.

ఐదుకి మూడున్నర ఇస్తాను. కొనేవాళ్లు ఇంకో నాలుగైదు పౌండ్లు పోయినా ఆటో ఆఫ్, స్క్రీన్ లైటు ఉన్నది తీసుకోండి.