తెలుగు పేజీ డిజైన్ ఎక్కడ నేర్చుకుంటే మేలు: డీటీపీ సెంటరా, కాన్వానా, కాలేజీనా?

మా కాలనీ గ్రంథాలయానికి మొదటిసారి సావనీర్ వేసినప్పుడు డిజైన్ పని నేనే నెత్తిన వేసుకున్నాను. రెడీమేడ్ లేఅవుట్లు ఇచ్చే కాన్వా అనే యాప్‌లో 32 పేజీలు చేశాను. తెర మీద ముచ్చటగా ఉంది. ప్రెస్ నుంచి ప్రూఫ్ వచ్చాక గుండె జారిపోయింది. ఒక హెడ్డింగ్‌లో పై లైను "రాష్ట్రస్థాయి పోటీల్లో", కింది లైను "కీర్తి తెచ్చిన పిల్లలు". చోటు చాలక లైన్లు దగ్గరకు జరిపింది నేనే. దాంతో "ష్ట్ర"లోని ట వత్తు, ర వత్తు కిందికి దిగి "ర్తి" గుడిలో చిక్కుకున్నాయి. ఏ ముక్క ఏ లైనుదో తెలియడం లేదు. అట్ట మీద నేను పెట్టిన నిగనిగలాడే నీలం మసకబారి వంకాయ రంగుకు తిరిగింది.

ప్రెస్‌లో డీటీపీ, అంటే అచ్చుకు కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని చేసే పెద్దాయన నన్నేమీ అనలేదు. ఆ హెడ్డింగ్‌ని తన పేజ్‌మేకర్ అనే పాత పేజీ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ కంపోజ్ చేశారు. అక్షరం 24 పాయింట్లు (పాయింటు అంటే అచ్చులో అక్షరాల కొలత), లైను నుంచి లైనుకు 36 పాయింట్లు. నేను ఉంచింది 29 కూడా లేదు. పక్కపక్కన రెండు ప్రింట్లు పెట్టి చూపించారు. పేజీ డిజైన్‌లో నా మొదటి పాఠం అదే.

పత్రిక పేజీలు, లోగోలు చేయడం నేర్చుకోవాలనుంది, ఎక్కడ చేరాలి అని ఈమధ్య చాలామంది పిల్లలు అడుగుతున్నారు. నా జవాబు ముందే చెప్పేస్తాను: తెలుగులో పని చేయాలనుకుంటే మొదటి మూడు నెలలు డీటీపీ సెంటర్‌లోనో చిన్న ప్రెస్‌లోనో కూర్చోండి. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆ దారిలోనూ లోపాలున్నాయి.

తెలుగు అక్షరానికి మూడంతస్తులు. మధ్యలో అక్షరం, పైన తలకట్టు, గుడి, ఏత్వం, కింద వత్తులు. ఇంగ్లిష్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్లు లైన్ల ఎడాన్ని సాధారణంగా అక్షరం సైజుకు 120 శాతం దగ్గర ఉంచుతాయి. అంటే 12 పాయింట్ల అక్షరానికి 14.4. "లక్ష్మి", "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటలకు అది ఏ మూలకీ చాలదు. లోపలి మ్యాటర్‌కి నేను 12కి 18 పెడతాను, ఫాంటును బట్టి ఒకటీ అరా అటూ ఇటూ. ఇంకో చిక్కు: మన మాటలు పొడుగు. "విశ్వవిద్యాలయాల్లోని" అనే ఒక్క మాట సన్నటి కాలమ్‌ని సగానికి పైగా తినేస్తుంది. రెండు వైపులా సమానం చేద్దామని జస్టిఫై నొక్కితే మాటల మధ్య గుంతలు పడతాయి. కాలమ్ వెడల్పు పెంచాలా, ఎడమవైపు మాత్రమే సరిచేసి వదలాలా, మాటను ఎక్కడ విరవాలి? ఇవి రోజూ మ్యాటర్‌తో కుస్తీ పడితేనే తెలుస్తాయి. ఇంగ్లిష్ అక్షరాల మీద చెప్పే ఆన్‌లైన్ కోర్సు గ్రిడ్, అంటే పేజీని విభజించే గీతల చట్రం గురించి, రంగుల గురించి బాగానే నేర్పుతుంది. వత్తు సంగతి మాత్రం దానికి పట్టదు.

డీటీపీ సెంటర్ ఇచ్చేది ఈ చేతి అలవాటే. డెమ్మీ 1/8 సైజు (డెమ్మీ కాగితంలో ఎనిమిదో వంతు), ఫారానికి (ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీల జట్టుకి) 16 పేజీలు, సెంటర్ పిన్ కొట్టాలంటే పేజీలు నాలుగు లెక్కన ఉండాలి, చుట్టూ 3 మిల్లీమీటర్లు కటింగ్‌కి వదలాలి, ఫొటో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. ప్రెస్‌లో ఇవన్నీ మాటల్లోనే చెవిన పడుతుంటాయి. అచ్చు వేసే ప్లేటు తయారయ్యాక తప్పు దొరికితే ఎంత టెన్షనో కూడా అక్కడే తెలుస్తుంది.

ఇక లోపం సంగతి. ఇప్పటికీ చాలా సెంటర్లు పేజ్‌మేకర్, 'అను' అనే పాత తెలుగు ఫాంట్ల మీదే నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన మ్యాటర్ యూనికోడ్, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదివే పద్ధతి కాదు. కన్వర్టర్‌లో వేయకుండా వాట్సాప్‌లోనో వెబ్‌లోనో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. పైగా చాలాచోట్ల నేర్పేది టైపింగూ, పెళ్లి కార్డుల మోడళ్లూ. ఈ ఫాంటే ఎందుకు, ఇంత మార్జిన్ ఎందుకు అని మీరే గుచ్చి గుచ్చి అడగాలి. అడిగితే చెప్పే పెద్దవాళ్లు చాలామందే ఉన్నారు.

కాన్వా గురించి ఎక్కువ చెప్పను. ఫోన్లో పండగ శుభాకాంక్షలకు, మీటింగు పోస్టరుకు హాయిగా ఉంటుంది. కానీ అక్కడ ఎవరో వేసిన లేఅవుట్‌లో మన మాటలు నింపుతాం. చోటెందుకు వదిలారో, హెడ్డింగ్ అక్కడే ఎందుకుందో మనం ఆలోచించే అవసరమే రాదు. ఒక పేజీలో పట్టని వ్యాసం తర్వాతి పేజీకి దానంతట అది పారదు, కాబట్టి 32 పేజీల పత్రికకు నరకం చూడాలి. ప్రింటుకి కావాల్సిన సీఎంవైకే ఫైలు, అంటే అచ్చు సిరాల నాలుగు రంగుల్లో ఉండేది, ఉచిత ఖాతాలో రాదు. తెర మీది రంగులు ఆ సిరాల్లోకి మారేటప్పుడే నా నీలం వంకాయ రంగైంది.

కాలేజీ వేరే లెక్క. అమరావతిలో ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్ ఉంది, నాలుగేళ్ల బీడెస్ (డిజైన్ డిగ్రీ)లో కమ్యూనికేషన్ డిజైన్ చదవొచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో యూసీడ్ ప్రవేశ పరీక్ష రాసి బీడెస్‌లో చేరవచ్చు. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) అప్లైడ్ ఆర్ట్ ఉంది. ఇంటర్ అయిన పిల్లలకు అవకాశం ఉంటే తప్పకుండా ప్రయత్నించమంటాను. ముఖ్యంగా ఒక సంస్థకో పత్రికకో రూపం ఇవ్వడం, అంటే విజువల్ ఐడెంటిటీ, అక్కడ నేర్చుకున్నంత లోతుగా బయట కష్టం. మన పనిని పదిమంది ముందు పెట్టి, ఎందుకిలా చేశావని నిలదీస్తే తట్టుకోవడం అక్కడే అలవాటవుతుంది. డిగ్రీ అయిపోయి ఉద్యోగం చేస్తున్నవాళ్లకు మాత్రం నాలుగేళ్లు వీలుకాదు కదా.

ఐడెంటిటీ అంటే లోగో ఒక్కటే అనుకుంటారు చాలామంది. పాత చందమామ సంచిక ఒకటి తీసుకోండి. 1947 జులైలో మొదలైన పత్రిక. అట్ట మీద పేరు చేత్తో మూసేసినా వడ్డాది పాపయ్య బొమ్మ చూసి పోల్చేస్తాం. లోపల శంకర్ గీసిన విక్రమార్కుడు, కత్తి, భుజాన శవం. నెల నెలా కథ మారేది, ఆ బొమ్మ మారేది కాదు. బాపు చేతిరాత చూడండి, పెళ్లి శుభలేఖ మీద ఆ వంపులు కనిపిస్తే చాలు, ఎవరి రాతో అందరికీ తెలుసు. ఒకే రకం అక్షరం, ఒకే రకం బొమ్మ, ఒకే చోటు, ఏళ్ల తరబడి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ప్రతి సంచికకీ ఫాంటు మార్చేస్తారు. నేనూ మార్చాను.

ఉద్యోగాలు చేసుకుంటూ నేర్చుకునేవాళ్లకు నాలుగో దారి ఉంది: ఇంట్లో కూర్చుని యూనికోడ్‌తో ఇన్‌డిజైన్ లేదా స్క్రైబస్ అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడడం. ఇన్‌డిజైన్‌కి నెల నెలా చందా కట్టాలి. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి కనిపిస్తాయి, కంగారు పడకండి. స్క్రైబస్ పూర్తిగా ఉచితం, 1.6 వెర్షన్‌లో తెలుగు చక్కగా కూర్చుంటుంది. ఫాంట్లు కూడా గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. నేను లోపలి మ్యాటర్‌కి నోటో సెరిఫ్ తెలుగు, హెడ్డింగులకు రామభద్ర వాడుతున్నాను. ఈ రెండే, మూడోది లేదు.

మూడు నెలలు డీటీపీ సెంటర్‌లో సాయంత్రాలు గడిపి, ఆ తర్వాత ఇలా ఇంట్లో సాధన చేసినవాళ్లు నాకు తెలిసినంతలో బాగా నిలదొక్కుకున్నారు. సాధన అంటే ఇలా మొదలుపెట్టండి: ఆదివారం అనుబంధంలో మీకు నచ్చిన పేజీ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, కాలమ్‌లు, మార్జిన్లు, ఫొటో అంచులు పెన్సిల్‌తో గీయండి. తర్వాత ఆ గీతల్లోనే మీ ఊరి వార్త ఒకటి కంపోజ్ చేయండి. అందులో "రాష్ట్రం" అనే మాట ఉండేలా చూసుకోండి.