ఫ్రెంచి క్రియారూపాలను ఎలా విడదీయాలి: రాతను బట్టా, పలుకును బట్టా?

ఫ్రెంచి క్రియల పట్టికలు కంఠతా పట్టేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది: రూపాన్ని సిలబుళ్లుగా, అంటే ఒక్కో ఊపులో పలికే ముక్కలుగా, విడదీసేటప్పుడు కాగితం మీది అక్షరాలను అనుసరించాలా, చెవికి వినబడే ధ్వనులనా?

రాతను బట్టి విడదీస్తే స్పెల్లింగు గుర్తుంటుంది, జంట హల్లుల మధ్య గీత గీయడమూ తేలికే. అయితే 'మాట్లాడు' అనే అర్థమున్న 'పార్లే' క్రియకు వర్తమానంలో ఏకవచన రూపాలు మూడూ, ప్రథమ పురుష బహువచనమూ 'పార్ల్' అనే ఒకే సిలబుల్‌గా వినిపిస్తాయి. రాతను నమ్ముకున్నవారు ఆ బహువచనాన్ని రెండుగా విరిచి, చివరనున్న ఈ-ఎన్-టీలను కూడా పలికేస్తారు.

నా దృష్టిలో అసలు తేడా బయటపడేది భవిష్యత్కాలంలో. 'ఇస్తాను' అనే రూపం రాతలో మూడు ముక్కలు, 'దొన్-న-రే'. మామూలు సంభాషణలో నడిమి అచ్చు లోపించి 'దొన్-రే' అని రెండే మిగులుతాయి. 'మాట్లాడతాను'లో మాత్రం అదే అచ్చు నిలిచి 'పార్-ల-రే' అవుతుంది, ఎందుకంటే అది పోతే ర, ల, ర అనే మూడు హల్లులు ఒకదాని మీద ఒకటి పడతాయి. 'ఇవ్వు' క్రియకే షరతును తెలిపే 'మేము' రూపంలో, తరువాత 'ర్య' ఉన్నందున, 'దొ-న-ర్యొఁ' అని ఆ అచ్చు మళ్లీ పలుకుతుంది. రాతలోని విభజన ఈ మూడింటినీ ఒకే తీరున చూపుతుంది. నడిమి అచ్చును పలికితే తప్పేమీ కాదు గాని, అది వినబడుతుందని ఎదురుచూసేవారికి 'దొ-నె' (అతడు గతంలో ఇచ్చేవాడు), 'దొన్-రె' (అయితే గియితే ఇచ్చేవాడు) అనే రూపాల మధ్య తేడా ఒక్క రకారంలోనే ఉందని తోచదు.

అందుకే నా మొగ్గు పలుకు వైపే. పైగా హల్లును, దాని మీది అచ్చును ఒకే గుర్తుగా రాసే మన లిపి ఇందుకు చక్కగా ఒదుగుతుంది: 'అతడు ప్రేమిస్తాడు' అనేది 'ఇ-లెమ్', 'వారు ప్రేమిస్తారు' అనేది 'ఇల్-జెమ్'. ఏకవచన బహువచనాలను వేరుచేసేది ఆ జకారమే.

పద్యాల్లో లెక్క వేరు, అక్కడ హల్లుకు ముందున్న పదాంతపు 'ఈ' (e) అక్షరాన్ని కూడా లెక్కిస్తారు. దక్షిణ ఫ్రాన్సులో చాలామంది మాటల్లోనూ దాన్ని పలుకుతారు. మొదటి ఏడాది విద్యార్థికి ఈ రెండూ అవసరపడవు. రాత పరీక్ష ఉన్నవారు ముందు పలుకును బట్టి విడదీసి వల్లెవేసి, ఆ తరువాత ప్రతి రూపం కింద దాని స్పెల్లింగును విడిగా రాసుకోవడం మేలు.