షుగర్ రీడింగులకు వాట్సాప్ గ్రూపు: మనుషుల్ని పోగెయ్యడానికి భేష్, లెక్కకు బేజారు

షుగర్ పేషెంట్ల రీడింగులు ఇంటి నుంచే తెప్పించుకోవాలంటే తిరుపతిలో ఏ క్లినిక్కుకైనా ముందు తట్టేది వాట్సాప్ గ్రూపే. మనుషులు ఇట్టే చేరతారు. తంటా అంతా అంకెల దగ్గరే.

'షుగర్ 180' అని మెసేజ్ వస్తుంది. పరగడుపునా, తిన్నాకా? పరగడుపునైతే ఒక మాట, ఇడ్లీ తిన్న రెండు గంటలకైతే ఇంకో మాట. ఆ రెండు గంటలు కూడా మొదటి ముద్ద నుంచి లెక్క, చెయ్యి కడుక్కున్నాక కాదు. మీటరు ఫొటో పెట్టమంటే కొంత నయమే గానీ, బ్యాటరీ మార్చాక చాలా మీటర్లలో తేదీ తప్పుతుంది, మళ్లీ సరిచేసేవాళ్లు అరుదు. ఒకే ఫోన్ నుంచి ఆలుమగలిద్దరివీ వస్తే ఏది ఎవరిదో తేలదు.

పైగా గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. మూలికల పొడి అమ్మేవాడికి అంతకన్నా ఏం కావాలి! ఒకే మెసేజ్ ఎవరికి వారికి విడిగా చేరే బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు ఈ బెడద లేదు. కాకపోతే లిస్టుకు 256 మందే, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ఓపీ చీటీ రాసేటప్పుడే సేవ్ చేయించాలి.

ఆ లిస్టులో గూగుల్ ఫారం లింకు పంపడమే మేలైన దారి. ఎందుకు అడుగుతున్నారో, ఎవరు చూస్తారో పైన తెలుగులో రాసి, ఒప్పుకున్నాకే ముందుకు పోనివ్వాలి. చిత్తూరు వైపు తమిళంలో కూడా. పేరు వద్దు, క్లినిక్కు కార్డు నంబరు చాలు. తర్వాత తేదీ, పరగడుపా తిన్నాకా, అంకె, మాత్ర వేసుకున్నారా, ఆ రోజు ఒక్కపొద్దా. పెరటాసి (సెప్టెంబరు-అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాల్లో ఒక్కపొద్దులుంటాయి, ఆ అంకెలు ఈ చివరి ప్రశ్న లేకుండా అర్థం కావు. అంకె గడికి 20 నుంచి 600 హద్దు పెడితే 1800 అని కొట్టినా అక్కడే ఆగుతుంది. మీటరు అంకె బదులు 'హై' అనో 'లో' అనో చూపిస్తే ఫారం పక్కనపెట్టి వెంటనే ఫోన్ చెయ్యమని పెద్దక్షరాల్లో ఉండాలి. జిల్లా అడక్కండి, మండలాల జాబితా ఇవ్వండి: 2022లో తిరుపతి జిల్లా విడిపోయినా చంద్రగిరి నుంచి 'చిత్తూరు' అని రాసేవాళ్లుంటారు.

ఫారంతోనూ తీరనిది ఒకటుంది. బాగున్న రోజు పంపుతారు, పెరిగిన రోజు ఊరుకుంటారు. అందుకే మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీతో, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్షతో, సరిచూడాలి. అది 9 వస్తే సగటు షుగర్ 212 దగ్గర ఉన్నట్టు. పంపిన అంకెల సగటు 140 అయితే మంచివి ఏరి పంపుతున్నారు, లేదా పరగడుపునే చూసుకుంటున్నారు. వాళ్లకు మళ్లీ మెసేజ్ పెట్టి లాభం లేదు. మీటరు తెమ్మని చెప్పి, మెమరీలో ఉన్నవన్నీ వరుసగా రాసుకోవాలి.