మా అబ్బాయి సైకిల్, మా తోడికోడలు, ఒక ఏడాది

నా నోటు పుస్తకంలో చివరి అంకె 2,318 కిలోమీటర్లు. పోయిన సంక్రాంతి తర్వాతి ఆదివారం మొదలుపెట్టి, ఈ భోగికి ముందురోజు వరకు తొక్కిన లెక్క. పదకొండు పంక్చర్లు, రెండుసార్లు పడటం, ఒక లాడ్జి గొడవ. లెక్కల టీచర్ని కదా, గడులు గీయకుండా ఉండలేను. దూరం, టీ, నీడ, బాత్రూమ్, సైకిల్‌కు చోటు. ఈ అయిదు గడులకూ పదికి మార్కులు వేస్తూ వచ్చాను. గుడి గొప్పదా, జలపాతం ఎత్తెంత అన్నవాటికి గడి లేదు. అవి ఎలాగూ ఉంటాయి.

సైకిల్ మా అబ్బాయిది. వాడు ఇంజనీరింగ్ హాస్టల్‌కు పోయాక ఆ గేర్ సైకిల్ బాల్కనీలో బట్టలు ఆరేసుకునే స్టాండుగా మారింది. ఒకరోజు దాని మీద తడి తువ్వాలు వేస్తుంటే మా తోడికోడలు చూసి, "అక్కా, ఇరవై ఆరు వేల స్టాండు మీద ఆరేసుకునేది తిరుపతి మొత్తంలో నువ్వొక్కదానివే" అంది. నాకు రోషం వచ్చింది. సీటు దించుకుని వీధి చివరిదాకా తొక్కాను. మరుసటి నెలలో తనూ ఒక పాత సైకిల్ కొనుక్కుంది. నాకు నలభై ఆరు, తనకు నలభై ఒకటి. ఇద్దరు కోడళ్ళు తెల్లవారగానే హెల్మెట్లు పెట్టుకుని బయల్దేరితే అత్తగారు ఏమంటుందో అని భయపడ్డాం. ఆవిడ ఒకే మాట అడిగింది: "వచ్చేటప్పుడు పాలు తెస్తారా?"

రోజువారీ దారి అలిపిరి నుంచి జూపార్కు మీదుగా చెర్లోపల్లికి పోయే రోడ్డు. ఎడాపెడా హోటళ్ళు లేవు, ఒక పక్క శేషాచలం కొండలు, రోడ్డు వెడల్పు. ఈ ఊళ్ళో సైకిల్‌కు ఇంతకన్నా మంచి రోడ్డు నాకు దొరకలేదు. అలిపిరి దగ్గర మాత్రం కొండకు పోయే జీపులు, బస్సులు ఎవరినీ చూసుకోవు. ఆ అర కిలోమీటరు దిగి నడిపించుకుపోవడమే మేలు. 2023లో నడకదారిలో చిరుత దాడి జరిగినప్పటి నుంచి మా ఆయనకు ఆ పక్క అంటేనే టెన్షన్. అందుకే పూర్తిగా వెలుతురు వచ్చాకే కదలాలని ఒప్పందం. మొదటి నెల ఆయన బండి మీద వెనకాలే వచ్చేవాడు. తర్వాత నిద్ర గెలిచింది.

చెర్లోపల్లి నుంచి శ్రీనివాస మంగాపురం, అక్కడి నుంచి చంద్రగిరి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పే దారి ఇదే. మంగాపురం గుడి దగ్గర ఇడ్లీ, చెనక్కాయల చట్నీ తిని, కోట చేరేసరికి ఎండ ఇంకా ముదరదు. మొదటిసారి మేం బడి సెలవు కదా అని శుక్రవారం పోయాం. రాజమహల్ మ్యూజియానికి సెలవు శుక్రవారమే. గేటు దగ్గర నిలబడి వచ్చేశాం. రెండోసారి ఆదివారం పోతే, కాపలా ఆయన సైకిళ్ళను తన కుర్చీ కనబడే చోట పెట్టించాడు. రాజమహల్‌ను కలప లేకుండా, రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. లోపల అడుగు పెట్టగానే చల్లదనం తెలుస్తుంది. పదిహేను కిలోమీటర్లు తొక్కి వచ్చిన ఒంటికి ఇంకా బాగా తెలుస్తుంది. నీడకు పదికి పది. బాత్రూమ్ గడిలో నాలుగు వేశాను, అది కూడా జాలిపడి.

బాత్రూమ్ గురించి ఇంకో మాట చెప్పాలి. మగవాళ్ళు సైకిల్ మీద రాసుకునే సంగతుల్లో ఇది ఉండదు. ఆడవాళ్ళకు దారి ప్లాన్ అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. పెట్రోలు బంకులే గతి. బోర్డు ఉంటుంది, గది ఉంటుంది, తాళం ఉంటుంది. తాళంచెవి మాత్రం ఇప్పుడే బయటికి పోయినతని దగ్గర ఉంటుంది. రేణిగుంట రోడ్డులో ఒక బంకులో మాత్రం అమ్మాయిలు పనిచేస్తారు. అక్కడ గది శుభ్రంగా ఉంటుంది, సబ్బు కూడా. ఆ పక్క ఎటు పోయినా అక్కడ ఆగకుండా పోలేదు.

ఏడాది మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు గుడిమల్లం. రేణిగుంట దాటాక హైవే వదిలేసి పాపానాయుడుపేట వైపు తిరిగితే లారీల హోరు ఒక్కసారిగా ఆగిపోతుంది. వరిమళ్ళు, కొంగలు, ఎదురొచ్చే పాల క్యాన్ల బళ్ళు. పాపానాయుడుపేట గాజుపూసల ఊరు. గాజును కొలిమిలో కరిగించి సన్నటి గొట్టంలా లాగి, ముక్కలు కోసి పూసలు చేసే పాత పద్ధతి అక్కడిది. మేం పోయిన రోజు కొలిమి వెలగలేదు. ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఒకావిడ పూసలు గుచ్చుతోంది. "యాడికిమ్మా పోతా ఉండారు ఇద్దరూ, ఈ ఎండన?" అని అడిగి, మా జవాబు వినకుండానే లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. డబ్బులు ఇవ్వబోతే కోప్పడింది. అప్పుడు రెండు దండలు కొన్నాం.

గుడిమల్లం గుడిలో విమానం ఏనుగు వీపు ఆకారంలో ఉంటుంది. గర్భగుడి నేలమట్టానికి దిగువన. లింగం మనిషి ఎత్తుకు కాస్త తక్కువ. దాని మీదే నిలబడి ఉన్న శివుడు. ఒక చేత్తో పొట్టేలు, ఒక చేతిలో చెంబు, భుజాన గొడ్డలి, పాదాల కింద మరుగుజ్జు. క్రీస్తుపూర్వం రెండు, ఒకటో శతాబ్దాల నాటిదని ఎక్కువమంది పండితుల లెక్క. కొండ మీద కనురెప్ప పాటు దర్శనానికి గంటలు నిలబడే ఊరివాళ్ళం మేం. ఇక్కడ మేమిద్దరం, అయ్యవారు, ఒక పిల్లి. ఎంతసేపైనా చూడొచ్చు. టీకి సున్నా, ఎందుకంటే ఆ పొద్దు టీకొట్టే తెరవలేదు. సైకిల్‌కు చోటు మాత్రం పది: చెట్టు కింద తాళం కూడా వేయకుండా వదిలేశాం.

ఇక శ్రీకాళహస్తి. రాత్రి బస చేసిన మొదటి ప్రయాణం అదే. మా ఇంటి నుంచి నలభై దాకా వచ్చింది మీటర్లో. రోడ్డు వెడల్పే కానీ నచ్చలేదు. లారీ పక్కనుంచి పోతే సైకిల్ గాలికి ఊగుతుంది. ఏర్పేడు దాటాక నీడ కూడా తక్కువ. ఊరు దగ్గరపడేసరికి గాలిగోపురం కనిపించింది. 2010లో కూలిపోయి, 2017లో మళ్ళీ లేచిన గోపురం అది. కారులో పోయినప్పుడు దాన్ని అంత దూరం నుంచి చూసినట్టు నాకు గుర్తు లేదు.

లాడ్జికి ముందురోజే ఫోన్ చేసి, "సైకిళ్ళు లోపల పెట్టుకోవచ్చా?" అని రెండుసార్లు అడిగాను. "తెచ్చుకోండి మేడం, ఏం ఇబ్బంది లేదు" అన్నారు. తీరా పోతే కౌంటర్లో వేరే అబ్బాయి. సైకిళ్ళు రోడ్డు మీదే పెట్టాలట. లోపల పెడితే ఒక్కోదానికి రెండు వందలట. గదిలో గీజర్ పనిచేయదు, "రేపు పొద్దున చూస్తాం" అన్నాడు. మేం పొద్దున అయిదుకే లేస్తాం, నువ్వెప్పుడు చూస్తావు నాయనా? అడ్వాన్సు తిరిగి ఇమ్మంటే సగమే ఇచ్చాడు. మా తోడికోడలు మామూలుగా నెమ్మది మనిషి. ఆ రోజు ఆ కౌంటర్ దగ్గర రాహుకేతు పూజకు వచ్చిన జనమంతా తిరిగి చూసేలా మాట్లాడింది. మిగతా సగం కూడా వచ్చింది.

చివరికి ఒక చిన్న సత్రంలో దిగాం. మంచాలు పాతవి, గోడకు చెమ్మ. కానీ కాపలా తాత మా సైకిళ్ళను మెట్ల కింద తన సైకిల్‌కు ఆనించి, మూడింటికీ కలిపి తన గొలుసే వేశాడు. పొద్దున నాలుగున్నరకే బకెట్టు వేడినీళ్ళు గుమ్మం ముందు పెట్టాడు. ఆ సత్రానికి తొమ్మిది. పది వేయనిది దోమల వల్ల.

దర్శనం అయ్యాక కలంకారీ వేసే ఇంటికి పోయాం. బెల్లం, ఇనుప ముక్కలు నీళ్ళలో నానబెట్టి పులియబెడితే నలుపు రంగు వస్తుందని తెలుసుగానీ, ఆ కుండ వాసన చూడటం అదే మొదలు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలంతో గీత లాగుతుంటే, రబ్బరు పెట్టి చెరపడానికి వీల్లేని పని అది, చూస్తున్న నాకే చెయ్యి వణికింది. సైకిల్ సంచిలో మడతపడకుండా తేవడం కుదరదని ఒక జేబురుమాలంత ముక్కే కొన్నాం.

తలకోన గురించి ఎక్కువ చెప్పను. భాకరాపేట ఘాట్ తొక్కే ధైర్యం లేక సైకిళ్ళను ట్రాలీ ఆటోలో ఎక్కించి, భాకరాపేటలో దిగి అక్కడి నుంచి నెరబైలు మీదుగా పోయాం. అడవిలో ఆ చివరి దారి బాగుంటుంది. 270 అడుగుల జలపాతం నవంబరు వానలకు నిండుగా ఉంది. కానీ ఆదివారం. స్పీకర్లు, ప్లాస్టిక్ ప్లేట్లు, అరటిపండ్ల సంచి మొత్తం ఎత్తుకెళ్ళిన కోతులు. పోతే మామూలు రోజున పోండి.

రెండోసారి పడింది నారాయణవనం దగ్గర. మలుపులో ఇసుక, ముందు బ్రేకు గట్టిగా పట్టాను. మణికట్టు వాచింది. చుట్టూ చేరినవాళ్ళ ముఖాల్లో ఒక రకమైన సంతోషం. "పడితే ఈడనే పడాల మా, పుత్తూరు పక్కనే!" అన్నాడు ఒకాయన. ఎముక విరిగితే పుత్తూరు కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు కదా, నేను ఆటో ఖర్చు కూడా లేకుండా వచ్చి పడ్డానట. వాళ్ళను నిరాశపరిచి తిరుపతిలో ఎక్స్‌రే తీయించుకున్నాను. బెణుకే. మూడు వారాలు సైకిల్ లేదు. అత్తగారికి పాలు లేవు.

మే నెలలో కూడా లేదు. ఇక్కడి మే ఎండలో ఏడు దాటాక బయట ఉండటం మొండితనమే. జూన్‌లో దామలచెరువు వైపు ఒక్కసారి పోయాం, తోతాపురి మామిడి ట్రాక్టర్ల వెనకాల. దారి పొడుగునా ఆ వాసన. అదే ట్రాక్టర్ పొగ కూడా.

పంక్చర్లు ఎక్కువగా పల్లేరుకాయల వల్లే. లారీకి దారి ఇద్దామని మట్టిలోకి దిగితే చాలు. మొదటిసారి చంద్రగిరి పక్కన పంక్చర్ కొట్టు ఆయన టైరు విప్పి, ట్యూబుకు ప్యాచ్ వేసి, గాలి పట్టబోయి ఆగిపోయాడు. గేర్ సైకిల్ వాల్వ్ సన్నగా, వేరేగా ఉంది. ఆయన పంపు పట్టదు. "ఇది యాడ సైకిల్ మా?" అన్నాడు, విదేశీ పురుగును చూసినట్టు. ఇంటికి ట్రాలీ ఆటోలో వచ్చాం. ఆ వాల్వ్‌కు తగిలించే ఇత్తడి నాజిల్ ఒకటి దొరుకుతుంది, ముప్పై నలభై రూపాయలు. అది తగిలిస్తే ఏ పంక్చర్ కొట్టు పంపైనా పట్టుకుంటుంది. ఈ సంగతి నాకు చెప్పింది సైకిల్ అమ్మిన పెద్ద షోరూమ్ కాదు. వాళ్ళు సర్వీసు అని తొమ్మిది వందలు తీసుకుని వెనక బ్రేకు వదులుగానే పంపారు. చెప్పింది మా వీధి చివర చెట్టు కింద కూర్చునే మెకానిక్. ఆయన అరవై రూపాయలకు బ్రేకు బిగించి, గొలుసుకు నూనె పెట్టి, నా సీటు ఒక అంగుళం పైకి లేపాడు. మోకాళ్ళ నొప్పి ఆ వారమే తగ్గింది.

భోగికి అబ్బాయి ఇంటికొచ్చాడు. సైకిల్ చూసి, "అమ్మా, సీటు ఇంత కిందికి దించేశావేంది? ఈ బుట్ట ఎవరు పెట్టారు?" అన్నాడు. పాల ప్యాకెట్ల బుట్ట అది. సీటు పైకి లేపుకుని, బుట్ట విప్పేసి, స్నేహితులతో చంద్రగిరి పోయాడు. గంటన్నరకు ఫోన్.

"అమ్మా, పంక్చర్ వేయించాను గానీ గాలి పట్టడం లేదు. ఈయన పంపు సరిపోవడం లేదంటా ఉండాడు."

"సీటు కింద చిన్న సంచి ఉంది చూడు. అందులో ఇత్తడి ముక్క."

"ఏ సంచి?"

బుట్టతో పాటు దాన్నీ విప్పి బాల్కనీలో పెట్టి పోయాడు. నేను మా తోడికోడలికి ఫోన్ చేశాను. హెల్మెట్ పెట్టుకుని కిందికి రమ్మని.